బుట్టలో పట్టనివి

"వచ్చే నెల నుంచి ఇప్పుడిచ్చేదానికి ఇంకో సగం కలిపి ఇవ్వాలమ్మాయ్," అంది ఊయలత్త, చంకలో ఉన్న పిల్లాడి ముక్కు తుడుస్తూ.

కూతురి చెప్పులు విప్పుతున్న మడతలక్క చేతులు ఆగిపోయాయి. విన్నది నిజమేనా అన్నట్టు తలెత్తి చూసింది. ఊయలత్త మాత్రం వాన పడేటట్టుందని చెప్పినంత మామూలుగా ఆ మాట చెప్పేసి, ముక్కు తుడిచిన గుడ్డని బకెట్లో పడేసి, ఇంకో పిల్ల నోట్లో పెట్టుకున్న గుండీని వేలితో పైకి లాగే పనిలో పడింది.

ఊయలత్త ఎవరికీ అత్త కాదు. ఆమె గదిలో ఇప్పుడు ఊయల కూడా లేదు, దూలానికి కొక్కెం మాత్రం మిగిలింది. ఉన్నదల్లా ఒక గది, దాని ముందు చిన్న వసారా, ఐదుగురు పిల్లలు. పొద్దున్నే పనికి పోయే తల్లులు పిల్లల్ని అక్కడ దించిపోతారు, సాయంత్రం ఎత్తుకుపోతారు. మధ్యలో జరిగే ఏడుపులు, నిద్రలు, విరేచనాలు, పంటిగాట్లు అన్నీ ఊయలత్తవే.

"సగమా? ఎందుకత్తా అంత?" అంది మడతలక్క. "లోకంలో అన్నీ తగ్గుతున్నాయి. దీని గౌను చూడు, పోయినేడు కొన్నదానికంటే తక్కువకే వచ్చింది. పాలడబ్బా తగ్గింది. బొమ్మలైతే కుప్పలు పోసి అమ్ముతున్నారు. నువ్వొక్కదానివే పెంచుతానంటే ఎట్లా?"

"నేను గౌన్లు అమ్మట్లేదుగా."

"అయినా సరే. సగం అంటే మాటలా?"

"మీ ఆయన క్షవరం రేటు పెంచలేదూ? మొన్న మా తమ్ముడు వెళ్ళొచ్చి, జుట్టు కంటే ముందు జేబు కత్తిరించారన్నాడు."

"కుర్చీ అద్దె పెరిగింది కాబట్టి ఆయన పెంచాడు. సరదాకి పెంచాడా?"

"నాకూ గది అద్దె పెరిగింది. నేను మాత్రం సరదాకి పెంచానా?" ఊయలత్త గుండీని కొంగుకి తుడిచి కిటికీలో పెట్టింది. "ఇవ్వగలిగితే ఇవ్వండి. లేకపోతే గది ఖాళీ చేసి మా చెల్లెలి దగ్గరకి పోతాను. అప్పుడు రేటు గొడవే ఉండదు."

మడతలక్కకి ఒళ్ళు మండింది. నోటిదాకా చాలా మాటలు వచ్చాయి. కానీ అప్పటికే ఆమె కూతురు తల్లిని వదిలేసి, పోయి ఊయలత్త కాలు పట్టుకుని నిలబడింది. దాని తలమీద ఊయలత్త చెయ్యి వచ్చి వాలింది. ఇక ఏమంటుంది? మొహం గంటు పెట్టుకుని మెట్లు దిగింది.

దారంతా లెక్కలే. అద్దె పోగా, మందులు పోగా, బస్సు చార్జీలు పోగా తన జీతంలో మిగిలేదెంతో ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఊయలత్త అడిగినంతా ఇస్తే ఆ మిగిలేది కూడా మిగలదు. పిల్లని చూసుకోవడానికి ఒకరికి డబ్బిచ్చి, ఆ డబ్బు సంపాదించడానికే తను పిల్లని వదిలి పోవాలి. దానికంటే పని మానేసి ఇంట్లో కూర్చోవడం నయం. కానీ ఇంట్లో కూర్చుంటే ఒక్క సెలూన్ కుర్చీ మీద ముగ్గురు బతకాలి.

ఉన్న ఆశల్లా ఒకటే. ఎల్లుండి బుట్ట రోజు.

*

మడతలక్క పనిచేసేది ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ తువ్వాళ్ళూ ఉతికే పెద్ద లాండ్రీలో. రేకుల షెడ్డు, లోపల ఎప్పుడూ ఆవిరి. ఆ చివర యంత్రాలు, ఈ చివర మడతల బల్ల. ఆ బల్ల దగ్గర పనిచేస్తుంది కాబట్టి ఆమె మడతలక్క. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆమె మొగుడికి కూడా పోట్లాటల్లో తప్ప గుర్తురాదు.

దుప్పటి మడత ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కొసలు పట్టుకోవాలి అన్నట్టుంటాయి ఆసుపత్రి దుప్పట్లు. ఇక్కడ మాత్రం ఇద్దరే. ఆ కొస మడతలక్క పడితే, ఈ కొస పొడుగమ్మాయి పడుతుంది. ఇద్దరూ ఒక్కసారి ఫట్‌మని దులిపి, ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి నడుస్తారు. తడి ఉందో లేదో చేత్తో పట్టుకుంటే తెలియదు. వేడికి మొద్దుబారిన చేతులు అబద్ధం చెబుతాయి. అంచుని చెంపకి ఆనించి చూడాలి.

"నాకూ చెప్పింది అక్కా," అంది పొడుగమ్మాయి, దుప్పటి వెనక నుంచి. ఆమె కొడుకు కూడా ఊయలత్త దగ్గరే ఉంటాడు. "నేనైతే ఏడ్చేశాను. ఆవిడా ఏడ్చింది. ఇద్దరం ఏడ్చుకుని, రేటు మాత్రం అలాగే ఉంచేసింది."

"ఏడిస్తే తగ్గుతుందనుకున్నావా? బేరమాడాలి గానీ."

"నువ్వాడావుగా, తగ్గిందా?"

మడతలక్క దుప్పటిని కాస్త గట్టిగానే దులిపింది.

బుట్ట పద్ధతి పెట్టింది ఇప్పటి యజమాని తండ్రి, పెద్దయ్యగారు. ఏటా జీతాలు ఖాయం చేసే ముందు ఒక రోజు, పోయినేడు బుట్ట నింపడానికి ఎంత డబ్బు పట్టిందో సరిగ్గా అంతే డబ్బు పట్టుకుని, యజమానీ, పనివాళ్ళు ఎన్నుకున్న ఒక మనిషీ కలిసి బజారుకెళ్ళాలి. అవే సామాన్లు కొనాలి. బియ్యం, నూనె, పంచదార, సబ్బులు, చొక్కా, చెప్పులు, గిన్నె, గొడుగు, టార్చిలైటు, పిల్లల గౌను. డబ్బు చాలకపోతే ఎంత చాలలేదో ఆ వంతున అందరి జీతాలూ పెరుగుతాయి. మిగిలితే జీతాలు అలాగే ఉంటాయి, మిగిలినదానికి అందరికీ మిఠాయి. షరతు ఒక్కటే. బుట్టలో పట్టేదే లెక్క, పట్టనిది లెక్కలోకి రాదు.

పద్ధతి మంచిదే. కళ్ళముందే జరుగుతుంది, ఎవరూ ఎవర్నీ మోసం చేసే వీల్లేదు. చాలా ఏళ్ళు బుట్ట పనివాళ్ళ పక్షానే ఉంది. ఈమధ్యే దానికేదో అయింది. వరసగా రెండేళ్ళు మిఠాయే తిన్నారు.

అందుకని ఈసారి బాగా ఆలోచించి, గట్టి మనిషిని పంపాలనుకుని, మడతలక్కని ఎన్నుకున్నారు. బజారులో ఆమె నోటికి భయపడని కొట్టువాడు లేడని షెడ్డంతటికీ తెలుసు. వస్తువుల రేటు ఎక్కువ ఉంటే లాభపడేవాళ్ళు, రేటు తగ్గించడంలో అందరికంటే గట్టి మనిషిని ఏరికోరి పంపుతున్నారన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆమెకీ తట్టలేదు.

అద్దాల గదిలో చిన్నయ్యగారు ఫోన్లో మాట్లాడుతున్నారు. ఆయనకి యాభై దాటి, నెత్తిమీద ఒక్క వెంట్రుకా లేకపోయినా ఇంకా చిన్నయ్యగారే. మనిషి మంచివాడు. జీతం ఒక్క రోజు ఆలస్యం చేయడు. తండ్రి పెట్టిన పద్ధతంటే ఆయనకి దేవుడి మాటతో సమానం.

"రేటు ఇంతేనండీ," అంటున్నారు ఫోన్లో. "మనుషుల జీతాలున్నాయి, నీళ్ళున్నాయి, షెడ్డు అద్దె ఉంది. ఎక్కడ తగ్గించమంటారు? మీ దుప్పట్లు ఓడెక్కించి ఇంకో దేశంలో ఉతికించుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు." అని తన మాటకి తనే నవ్వుకున్నారు. అవతలివాళ్ళు ఒప్పుకున్నట్టే ఉంది. ఈ రెండేళ్ళలో ఆసుపత్రివాళ్ళు అలా ఒప్పుకోవడం మూడోసారి.

*

బజారుకి చిన్నయ్యగారే బుట్ట మోశారు. అది కూడా పెద్దయ్యగారు పెట్టిన పద్ధతే.

మొదట పంచదార. పోయినేటికంటే కాస్త ఎక్కువ చెప్పాడు. మడతలక్క గుండె ఎగిరి గంతేసింది. బయటికి మాత్రం, "అయ్యో, పెరిగిందా," అని జాలిగా అంది. కానీ ఆ సంతోషం నూనె దాకా కూడా నిలవలేదు. నూనె తగ్గింది. ఎక్కడో దూరదేశంలో పంట విరగకాసిందట, ఓడలు నిండా వచ్చి పడుతోందని కొట్టతను చేతులూపి మరీ చెప్పాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని రైతులు తన జీతం మీద ఇంత పంట పండించారు కదా అనుకుంది మడతలక్క.

గొడుగుల కొట్లో అసలు తప్పు జరిగింది.

కొట్టువాడు రేటు చెప్పాడు. పోయినేటంతే. ఊరుకుంటే సరిపోయేది. కానీ రేటు వినగానే ఆమె నోరు ఆమె మాట వినలేదు.

"అంతా? ఈ పుల్లల గొడుక్కా? గాలేస్తే పువ్వులా విచ్చుకుని వెనక్కి తిరుగుతుంది, దానికంతా?"

"అక్కా, ఇది కొత్త సరుకు..."

"కొత్తదైతే వర్షం తక్కువ పడుతుందా? ఇటు తే, కుట్టు చూపిస్తాను. ఇదిగో, చూడు. దీన్ని కుట్టు అంటారా?"

రెండు నిమిషాల్లో గొడుగు మూడో వంతు తగ్గింది. కొట్టువాడు తలకొట్టుకుని ఇచ్చేశాడు. విజయగర్వంతో వెనక్కి తిరిగిన మడతలక్కకి, బుట్ట పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్న చిన్నయ్యగారు కనిపించారు.

"ఏం నోరమ్మా నీది! నీతో వస్తే నాకు బాగా కలిసొచ్చేట్టుంది," అన్నారు ఆయన, నిజంగానే మెచ్చుకుంటూ.

అప్పుడు తెలిసింది ఆమెకి ఏం చేసిందో. నాలుక కరచుకుంది. అందరి జీతాల్లోంచి ఇంత ముక్క తన చేత్తోనే కోసి కొట్టువాడి బల్ల మీద పెట్టి వచ్చినట్టనిపించింది.

చెప్పుల కొట్టుకి వెళ్ళేసరికి పెదాలు బిగించుకుంది. ఎంత చెబితే అంతకే కొనాలి, కిక్కురుమనకూడదు. చెప్పులతను ఆమెని చూడగానే రెండు చేతులూ ఎత్తేశాడు. "మీరు అడక్కముందే తగ్గించేస్తున్నానమ్మా. పోయినసారి నా ప్రాణం తోడేశారు. ఇదిగో, ఆఖరి రేటు."

"తగ్గించమని నేనడిగానా?" అంది ఆమె, దాదాపు ఏడుపు గొంతుతో.

"ఇంకా తగ్గించాలా?" అన్నాడతను బెదిరిపోయి. ఇంకాస్త తగ్గించాడు.

చొక్కాల కొట్లో ఆమె కాస్త మంచి గుడ్డ చూపించి, "ఇది తీసుకుందామండీ, మన్నుతుంది," అంది. చిన్నయ్యగారు ఒప్పుకోలేదు. "పోయినేడు ఏ రకం కొన్నామో అదే కొనాలమ్మా. అటూ ఇటూ చేస్తే నాన్నగారి పద్ధతికి అర్థం ఉండదు." ఆ రకం చొక్కాలు కట్టలు కట్టలుగా పడున్నాయి, పోయినేటికంటే చవగ్గా. పోయినేటి టార్చిలైటు ఇప్పుడు ఎవరూ చేయడం లేదట. దాని బదులు వచ్చినది రెండింతలు వెలుగిస్తుంది, రేటు మాత్రం తక్కువ. గౌను సంగతి ఆమెకి ముందే తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు బుట్ట నిండుగా ఉంది, చిన్నయ్యగారి జేబులో డబ్బు మిగిలే ఉంది. దారి పొడుగునా మడతలక్కకి తన డబ్బు పోయే చోట్లన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. పిల్లకి జ్వరమొస్తే పరిగెత్తే డాక్టరు గది. మొగుడు కుర్చీ అద్దె కట్టి పొద్దస్తమానం నిలబడే సెలూన్. పోయిన నెల చార్జీ పెంచిన బస్సు. గుమ్మానికి అద్దె బోర్డు తగిలించిన ఇల్లు, ఆ బోర్డు చూసి నిట్టూర్చి వెళ్ళిపోతున్న మొగుడూ పెళ్ళాం. వేటిలోకీ బుట్ట పట్టుకుని వెళ్ళే పని లేదు.

*

సామాన్లన్నీ మడతల బల్ల మీద పరిచారు. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ చుట్టూ చేరారు. యంత్రాలు ఆపేసరికి చెవుల్లో ఏదో ఖాళీగా ఉంది. బాయిలర్ బాబాయ్, అంటే పెద్దయ్యగారి కాలం నుంచి బాయిలర్ చూస్తున్న ముసలాయన, ఒక్కో వస్తువునీ ఎత్తి చూసి, పోయినేటిదే అని తలాడించి పెట్టాడు. చివరికి చిన్నయ్యగారు మిగిలిన డబ్బు తీసి గొడుగు పక్కన పెట్టారు.  మూడో ఏడు కూడా మిఠాయే.

"అందరూ మొహాలు అలా పెట్టారేంటి?" అన్నారు చిన్నయ్యగారు. ఎగతాళి కాదు, నిజంగానే అర్థంకాక అడిగారు. "ధరలు తగ్గితే సంతోషించాలి గదా. పేపర్లో కూడా రాశారు, ధరలు అదుపులోకి వచ్చాయని. లోకంలో అన్నీ తగ్గుతున్నాయి. ఇప్పుడు జీతాలు పెంచమంటే ఎట్లా?"

మడతలక్కకి చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాటలు తనవే. మొన్న పొద్దున ఊయలత్త గుమ్మంలో నిలబడి, పిల్ల గౌను చూపించి, ఇంచుమించు ఇవే మాటలు, ఇదే ధీమాతో అంది. అంటున్నప్పుడు అవి ఎంత న్యాయంగా అనిపించాయి! 

"నేను నెలాఖరుకి పని మానేస్తానండీ," అంది.

పొడుగమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. చిన్నయ్యగారు కళ్ళజోడు తీశారు. "ధరలు తగ్గాయని పని మానేస్తావా?"

"తగ్గినవి ఈ బల్ల మీద ఉన్నాయి. నా జీతం పోయేది వీటికి కాదు. గొడుగు ఎన్నేళ్ళకోసారి కొంటామండీ? పోయినేడు కొన్న టార్చిలైటు ఇంకా వెలుగుతోంది. ఇంటద్దె ప్రతి నెలా కట్టాలి. పిల్లని చూసుకునే ఆవిడకి ప్రతి నెలా ఇవ్వాలి. ఆవిడ సగం పెంచింది. నేను ఇవ్వలేను. ఇవ్వకపోతే పిల్లని ఎక్కడ పెట్టుకుని ఇక్కడ దుప్పట్లు మడతపెట్టను?"

"ఆవిడ అంత పెంచడం అన్యాయం గదమ్మా."

"నేనూ అదే అన్నాను. ఆవిడకీ గదద్దె పెరిగిందట."

"మరి అవన్నీ బుట్టలో..." అని ఆగి, చిన్నయ్యగారు ఇబ్బందిగా బుట్ట వైపు చూశారు. "నాన్నగారి షరతు తెలుసు గదా."

"ఆ షరతు మీ నాన్నగారిది కాదు చిన్నయ్యగారూ," అన్నాడు బాయిలర్ బాబాయ్. అందరూ అటు తిరిగారు. "మాది. అప్పుడు ఈ షెడ్డు వెనకాల గదుల్లో ఉండేవాళ్ళం, అద్దె లేదు. మా ఆడవాళ్ళూ అమ్మమ్మలూ అక్కడే పిల్లల్ని చూసుకునేవాళ్ళు. అద్దె కూడా లెక్కలో కలుపుదామని మీ నాన్నగారే అన్నారు. మేమే భయపడ్డాం. ఊరికే ఇచ్చిన గదులకి కూడా అద్దె లెక్కకట్టి జీతంలో కోస్తారేమోనని. బుట్టలో పట్టేదే లెక్క అని మేమే పట్టుబట్టాం. తెలివిగా బేరమాడామనుకున్నాం కూడా." ఆయన చొక్కా చేత్తో సర్ది మళ్ళీ అక్కడే పెట్టాడు. "ఆ గదులు పడగొట్టి యంత్రాలు పెట్టారు. షరతు మాత్రం అలాగే ఉండిపోయింది."

 గదులు పడగొట్టించింది చిన్నయ్యగారే. ఆ మాట ఎవరూ అనలేదు, అనకపోవడమే ఆయనకి ఎక్కువ తగిలినట్టుంది.

"అయ్యగారూ, అడిగితే ఏమనుకోరుగా," అంది పొడుగమ్మాయి, మడతలక్క వెనకే నిలబడి. "ధరలు తగ్గితే మరి ఆసుపత్రివాళ్ళకి మన రేటు ఎందుకు పెంచారండీ?"

"మనకి ఖర్చులు పెరగలేదా? జీతా..." అనబోయి ఆయన నీళ్ళు నమిలారు. జీతాలు మూడేళ్ళుగా అలాగే ఉన్నాయి. "షెడ్డు అద్దె," అన్నారు చివరికి, చిన్న గొంతుతో. "నీళ్ళు. మరమ్మతుకి వచ్చేవాళ్ళ కూలి."

"మాకూ అవేనండీ," అంది పొడుగమ్మాయి.

 చిన్నయ్యగారు మిగిలిన డబ్బు తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. మిఠాయికి ఎవర్నీ పంపలేదు.

"రేపు మళ్ళీ వెళ్దాం," అన్నారు మడతలక్కతో. "ఈసారి బుట్ట వద్దు."

*

ముందు ఊయలత్త దగ్గరకి తీసుకెళ్ళమన్నారు ఆయన. మెట్లెక్కుతుంటే మడతలక్కకి మొన్నటి పోట్లాట గుర్తొచ్చింది. ఆ రోజు నుంచీ పిల్లని దించేటప్పుడు ఇద్దరి మధ్యా మాటల్లేవు. పిల్ల చేతులు మారుతోంది, అంతే.

గుమ్మంలో ఖరీదైన చొక్కా, మెరిసే బూట్లు చూసి ఊయలత్త లేచి నిలబడింది. ఒళ్ళో ఒకడు, కాళ్ళకి చుట్టుకుని మడతలక్క కూతురు. మిగతావాళ్ళు చాప మీద అడ్డదిడ్డంగా నిద్రపోతున్నారు.

"ఎవరమ్మాయ్?"

"మా చిన్నయ్యగారు. నీ రేటు సంగతి కనుక్కుందామని వచ్చారు."

ఊయలత్త మొహంలో రంగు మారింది. చాప కొస దులిపింది, ఇంకెక్కడా కూర్చోవడానికి చోటు లేక మళ్ళీ నిటారుగా నిలబడింది. మడతలక్క వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"దీనికి పెద్దవాళ్ళని వెంటబెట్టుకు రావాలా అమ్మాయ్? నన్నడిగితే సరిపోయేది గదా," అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "ఏదో కోపంలో అన్నాను బాబూ. పాత రేటే ఇమ్మనండి," అంది.

చిన్నయ్యగారు మడతలక్కని చూశారు. "పాత రేటేనట," అన్నారు. అందులో కుళ్ళేమీ లేదు, ఆయన విన్నది చెప్పారు, అంతే.

పాత రేటు. ఎంత తియ్యగా ఉంది ఆ మాట! ఇప్పుడు నోరు మూసుకుని మెట్లు దిగిపోతే చాలు. తన ఖర్చు పెరగదు, పని మానక్కర్లేదు, ఏ గొడవా లేదు. లాండ్రీలో జీతాలు పెరగవు, అంతేగా. అవెప్పుడు పెరిగాయి గనక? కానీ ఊయలత్త అద్దె ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఈ నెల అప్పు చేస్తుంది, వచ్చే నెల ఏదో ఒకటి అమ్ముతుంది, ఆపై నెల చెప్పాపెట్టకుండా చెల్లెలి ఇంటికి పోతుంది. అన్నిటికంటే, తన వల్ల పుట్టిన భయంతో ఆ మనిషి గొంతు అలా దిగిపోవడం మడతలక్క చూడలేకపోయింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"అది కాదత్తా. నాతో అన్న రేటు చెప్పు," అంది.

"పోనీలే."

"పోనీలే ఏంటి? సగం పెంచాలన్నావా లేదా?"

"ఏదో అన్నాను. పావు ఇవ్వు, చాలు."

"పావుకి ఒప్పుకోను."

ఊయలత్త తికమకపడింది. చిన్నయ్యగారు కూడా. బజారంతా ఆమె నోటికి వణుకుతుంది గానీ, ఆ నోరు ఇటువైపు బేరమాడగా ఎవరూ వినలేదు. ఆమే వినలేదు.

"పోయినేడు ఎంతమంది పిల్లల డబ్బు అద్దెకి పోయేది?" అంది మడతలక్క.

"ఇద్దరిది."

"ఇప్పుడో?"

"ముగ్గురిది. కాస్త పైనే."

"మిగిలిన ఇద్దరి డబ్బుతో నువ్వు తినాలి, మోకాలికి మందు కొనుక్కోవాలి, వీళ్ళ పక్కబట్టలకి సబ్బు కొనాలి. పోయినేడే చాలీచాలక గడిపావు, ఇప్పుడు పావు చాలుతుందా?"

"ఇంకో ఇద్దరు పిల్లల్ని తీసుకోవచ్చు గదమ్మా," అన్నారు చిన్నయ్యగారు, సాయం చేద్దామనే. "మా దగ్గర కొత్త యంత్రం వచ్చాక ఒక్కసారికి రెట్టింపు దుప్పట్లు వేస్తున్నాం."

"యంత్రమైతే వేయొచ్చు బాబూ," అంది ఊయలత్త. "ఇవి రెండే చేతులు. ఆరోవాణ్ణి తీసుకుంటే ఐదుగుర్లో ఎవరో ఒకరు ఏడుస్తూ ఉండాలి. మా అమ్మ కూడా ఐదుగుర్నే చూసేది."

ఆయన ఆ చేతుల వైపు చూశారు. ఒకటి ఒళ్ళోవాడి వీపు మీద జోకొడుతోంది, రెండోది కింద పిల్ల జుట్టులో ఉంది. 

"చెప్పత్తా. సగమేనా?"

ఊయలత్త తల దించుకుంది. "సగం చాలదమ్మాయ్ నిజానికి. నీ మొహం చూసి సగం అన్నాను."

"మరి నా మొహం చూడకుండా చెప్పు."

ఊయలత్త కిటికీ వైపు తిరిగి చెప్పింది. అది సగం కంటే చాలా ఎక్కువ. విని మడతలక్కకి గుండె గుభేలుమంది. అయినా నోరు తెరిచి తగ్గించమని అడగలేదు. గొడుగు దగ్గర చేతకానిది అక్కడ చేతనయింది. చిన్నయ్యగారు అంకె ఒకసారి తనలో తను అనుకుని, బూట్ల వైపు చూస్తూ నిలబడ్డారు.

"మా దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లలు ఎంతమంది ఇక్కడ?" అన్నారు కాసేపటికి.

"ముగ్గురండీ."

"పిల్లల్ని చూసుకునే ఖర్చూ, ఇంటద్దె కూడా. రెండూ లెక్కలో కలుపుదాం. జీతాల పెంపు మొత్తం ఒకేసారి నా వల్ల కాదు. ఇప్పుడు సగం, ఆరు నెలలాగి సగం." గుమ్మం దాటుతూ ఆగారు. "క్షవరం మాత్రం కలపమనకండి. దాంట్లో నాకు అనుభవం లేదు." అని బట్టతల నిమురుకుని, ఎవరూ నవ్వకముందే మెట్లు దిగుతూ గొణుక్కున్నారు. "మళ్ళీ ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఈసారి వాళ్ళు నన్ను తిడతారు."

బూట్ల చప్పుడు వీధిలో కలిసిపోయింది. ఒళ్ళోవాడు నిద్రపోయాడు. ఊయలత్త వాణ్ణి చాప మీద పడుకోబెట్టి, నడుం పట్టుకుని మెల్లగా లేచింది.

"పిచ్చిదానివా ఏంటమ్మాయ్? ఎవరైనా పైకి బేరమాడతారా?"

మడతలక్క గోడకి జారగిలబడి కూర్చుంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా అలిసిపోయినట్టుంది. లెక్క చూసుకుంది, ఎటు తిప్పినా ఒకటే వస్తోంది.

"చూశావా అత్తా," అంది. "నాకు పెరిగేదంతా నీకిచ్చేయాలి. నీకిచ్చిందంతా నీకు గది అద్దెకిచ్చినాయనకి పోతుంది. నీకూ మిగిలేదేం లేదు, నాకూ మిగిలేదేం లేదు. ఇంత గొడవా చేసి సాధించిందేంటి?"

ఊయలత్త వంగి, కాళ్ళ దగ్గరున్న పిల్లని ఎత్తి చంకన వేసుకుంది.

"మధ్యలో ఇది నా దగ్గర ఉంటుందిగా," అంది.